చెప్పమ్మా వాడికి

ఆ రోజు పొద్దున హారిక వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. ఏడింటికల్లా వంట ముగించాలి. తర్వాత సాజిదా మేడంతో ఫోనులో ఇంగ్లీషు సాధన చేయాలి. ఆపైన తలస్నానం చేసి, అత్తగారు వెలిగించిన దీపానికి దణ్ణం పెట్టుకుని, పదకొండింటికి గుంటూరు నుంచి రావలసిన ఫోను కోసం కూర్చోవాలి.

ఆ ఫోను చేసేది మిరపకాయలను విదేశాలకు పంపే ఒక కంపెనీ వాళ్ళు. వాళ్ళు ఇవ్వబోయే ఉద్యోగం కూడా ఫోను దగ్గరే. కొనేవాళ్ళు ఇంగ్లీషులో చెప్పింది విని మేనేజరుకు చెప్పాలి, మేనేజరు చెప్పింది తిరిగి వాళ్ళకు చెప్పాలి. హారిక బీకాం చదివింది. ఇంతకు ముందు రెండు ఉద్యోగాలకు వెళ్ళి రెండుసార్లూ ఇంగ్లీషు దగ్గరే ఆగిపోయింది. "ఈసారి కూడా రాకపోతే ఇంక ఆ ఊసెత్తొద్దమ్మా. కల్లం పని చూసుకో. నీకేం తక్కువ ఇక్కడ?" అని మామగారు అంకమ్మరావు తేల్చి చెప్పేశాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. కోడలు ఓడిపోయి ఇంటికి రావడం రెండుసార్లు చూశాడు, మూడోసారి చూడలేక అలా అన్నాడు. కానీ అన్నమాట అన్నట్టే ఉండే మనిషి. అందుకని హారికకు ఇదే ఆఖరి అవకాశం.

వాళ్ళ ఊరు సత్తెనపల్లికి దగ్గరే అయినా, ఇంట్లో సెల్‌ఫోనుకు సిగ్నల్ అందదు. ఇంటి వెనక మిరపకాయలు ఆరబోసే కల్లంలో, గేదెల కొట్టం మూలన నిలబడితే మాత్రం బ్రహ్మాండంగా అందుతుంది. ఆ ఇంటి నుంచి పెళ్ళి కబురైనా, చావు కబురైనా గేదె పక్కన నిలబడి చెప్పాల్సిందే. హారిక ఇంగ్లీషు చదువు కూడా అలా గేదె పక్కనే సాగుతోంది.

కల్లం వాళ్ళొక్కళ్ళదే కాదు. సగం అంకమ్మరావుది, సగం ఆయన తమ్ముడు నాగేంద్రబాబుది. మధ్యలో హద్దు లేదు. ఎర్రటి మిరపకాయల రాశులు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. అన్నదమ్ములకు మాత్రం ఏడాదిగా మాటల్లేవు.

పోయినేడు మాఘమాసంలో అకాల వాన వచ్చింది. ఇద్దరికీ కలిపి ఒకటే పెద్ద టార్పాలిన్ పట్టా ఉండేది. అంకమ్మరావు ఆ కంగారులో పట్టా మొత్తం తన రాశి మీదికి లాగాడు. తమ్ముడి కాయలు తడిసి రంగు పోయాయి. నాగేంద్రబాబు ఆ రోజు ఒక్క మాటా అనలేదు. తర్వాత కూడా అనలేదు. అదే వచ్చిన చిక్కు. రెండు తిట్లు తిట్టి ఉంటే సాయంత్రానికి సర్దుకునేది.

మాటల్లేవు సరే, కలిసి చేసుకునే పనులు బోలెడు. కల్లం ఒకటే, నీళ్ళ మోటారు ఒకటే, దారి ఒకటే. అందుకని కబుర్లన్నీ హారిక నోటి మీదుగా నడవడం మొదలైంది. దీనికి పద్ధతి ఏర్పడింది. అన్న ఒక మంచం మీద, తమ్ముడు ఇంకో మంచం మీద, ఒకరికొకరు వీపు చూపించీ చూపించనట్టు కూర్చుంటారు. ఇద్దరి మధ్యా పది అడుగుల దూరం ఉండదు.

"చెప్పమ్మా ఆ గాడిదకి. మోటారు కట్టెయ్యకుండా పోయాడు రాత్రి. వాళ్ళ తాత కడతాడా కరెంటు?" అని అంకమ్మరావు కల్లమంతా వినిపించేలా అరుస్తాడు.

నాగేంద్రబాబు ఉలకడు, పలకడు. ఆయన లెక్కలో ఆ మాట ఇంకా రాలేదు. హారిక రెండడుగులు అటు వేసి, "చిన్న మామయ్యా, మోటారు కట్టడం మర్చిపోయినట్టున్నారు, ఒకసారి చూడమంటున్నారండి" అంటుంది. అప్పుడు ఆయన తల తిప్పి, "ఓహో, అట్టాగా? పొలంలో చివరి మడి తడవలేదని అట్టా వదిలేశానని చెప్పు మీ మామకి. కళ్ళు నెత్తిమీద పెట్టుకుని తిరిగేవాళ్ళకి మళ్ళు ఎట్టా కనపడతాయి!" అంటాడు. హారిక రెండడుగులు ఇటు వేసి, "చివరి మడి కోసం ఉంచారంట మామయ్యా" అంటుంది.

తిట్లు రెండు వైపులా అందరికీ వినిపిస్తూనే ఉన్నాయి. కానీ విన్నది విననట్టు. హారిక చెప్పిందే విన్నట్టు. ఈ పద్ధతి తప్పకుండా పాటించినందువల్లే ఏడాదిలో ఆ కల్లంలో ఒక్క గొడవ కూడా జరగలేదు.

సాజిదా మేడం సత్తెనపల్లిలో స్పోకెన్ ఇంగ్లీషు చెబుతుంది. ఓపిక గల మనిషి. "చూడు హారికా, నీకు టెన్సులు రాక కాదు. విడివిడిగా అడిగితే అన్నీ చెప్తావ్. ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి చెప్పమంటేనే తడబడతన్నావ్. ఎదుటి మనిషి అన్నమాట నువ్వు చెప్పే టయానికి పాతబడిపోద్ది. అందుకని ఒక అడుగు వెనక్కి జరపాలి. ఈజ్ కాస్తా వాజ్ అవుద్ది. అంతే" అని ఆమె మొన్ననే విడమరిచి చెప్పింది.

ఆ సంగతి హారిక పూజ సామాను తోముతూ అత్తగారికి చెప్పింది. వెంకటరావమ్మ దీపపు కుందె చింతపండుతో రుద్దుతూ కాసేపు ఆలోచించింది. "మాట పాతబడుద్ది సరే. మరి కోపం పాతబడదేంటే అమ్మాయ్?" అంది. 

ఆ పొద్దున హారిక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ కొట్టం మూలన కూర్చుంది.

"ఇవాళ పుస్తకం వద్దు" అంది సాజిదా మేడం. "ఊరూపేరూ లేనివాళ్ళు ఏదో అన్నారని చదివితే నోటికి పట్టదు. మీ ఇంట్లో మనుషుల్నే పెట్టుకో. వాళ్ళు ఫలానా మాట అన్నారని కల్పించు. ముందు ఇంగ్లీషులో, వెంటనే తెలుగులో చెప్పు. గట్టిగా చెప్పాలి, నోరు తిరగాలి."

"వాళ్ళు నిజంగా అన్నవే చెప్తే పోలేదాండీ?"

"అన్నవైతే గుర్తు తెచ్చుకోవడంతోనే సరిపోద్ది. అననివైతే ధ్యాసంతా ఇంగ్లీషు మీద ఉంటది. కానీ, మొదలుపెట్టు."

హారిక చుట్టూ చూసింది. మొదట కనిపించింది గేదె. "మై ఫాదర్ ఇన్ లా సెడ్ దట్ హీ వాజ్ సెల్లింగ్ ద బఫెలో!" అని గొంతెత్తి, "మామయ్య గేదెను అమ్మేస్తున్నామన్నారు!" అని అర్థం కూడా చెప్పింది.

అంకమ్మరావు అప్పుడు టీకొట్టు దగ్గర ఉన్నాడు. నాగేంద్రబాబు మాత్రం తన మంచం మీద పళ్ళు తోముకుంటున్నాడు. వేప్పుల్ల నోట్లోనే ఆగిపోయింది. ఆ గేదె తల్లిని, కాలం చేసిన వాళ్ళమ్మ తన చేతుల్లో పెంచింది. పంపకాల్లో అది అన్నగారి వైపు పోయింది. నాగేంద్రబాబు ఇప్పటికీ ఎవరూ చూడనప్పుడు దాని మెడ కింద గోకి వెళుతుంటాడు. అలాంటిది, అమ్ముతున్నామని అన్నగారు తనకు ముందుగా కబురు చేశాడు! ఇంగ్లీషులో ఎందుకు చేశాడన్నది ఆయనకు తట్టలేదు. హారిక నోటి నుంచి వచ్చింది, కాబట్టి కబురే.

"అమ్మాయ్, నాకే ఇమ్మని చెప్పు. వేరే వాళ్ళకి ఇవ్వొద్దని చెప్పు. ఇవాళే తోలుకుపోతానని చెప్పు" అన్నాడు ఆదరాబాదరాగా.

సరిగ్గా అప్పుడే చెవిలో సాజిదా మేడం, "కరెక్ట్. ఇప్పుడు ఇంకొంచెం స్పీడుగా చెప్పగలవా?" అంది. హారిక "సరేనండి, అట్టాగేనండి" అని తలూపింది.

నాగేంద్రబాబుకు ఇంకేం కావాలి? వేప్పుల్ల పారేసి ఇంట్లోకి పరుగెత్తాడు. అమ్మేవాడు పశువును ఇస్తాడు గానీ మెడలో పలుపుతాడు ఇవ్వడు. అందుకని కొత్త పలుపు కోసం సత్తెనపల్లి బయల్దేరాడు. ఆయన భార్య తమ కొట్టం కడిగి, పసుపు కుంకుమ పళ్ళెంలో సర్దడం మొదలుపెట్టింది.

ఆయన అటు వెళ్ళగానే అంకమ్మరావు టీ తాగి ఇటు వచ్చాడు. తువ్వాలు దులిపి మంచం మీద కూర్చున్నాడో లేదో, "మై అంకుల్ టోల్డ్ మీ దట్ హీ వుడ్ బిల్డ్ ఎ వాల్! కల్లం మధ్యలో గోడ కడతానని చిన్న మామయ్య చెప్పారు!" అని హారిక గొంతు ఖణేల్మంది.

అంకమ్మరావు కూర్చున్నవాడల్లా లేచాడు. గోడ! మాటల్లేకపోతే లేకపోయాయి. తాతల నాటి నుంచీ ఆ కల్లంలో గీత కూడా గీసింది లేదు.

"అంత మాటన్నాడా?" అన్నాడు మెల్లగా. తర్వాత మెల్లగా అనడం మానేశాడు. "వాడు కట్టేదేంటి? వాడు కడితే రెండు మూరలు నా వైపుకి జరుగుతాడు. నేనే కడతానని చెప్పు ఆ గాడిదకి. ఇవాళే కడతానని చెప్పు!"

"ఎస్ మేడమ్, తప్పకుండా" అంది హారిక, చెవిలోని సాజిదా మేడంతో.

అంకమ్మరావు అటు మూలకు వచ్చి, గేదెను పక్కకు తోసి, ఇటుకల ట్రాక్టరు నడిపే అల్లాబక్షుకు ఫోను చేశాడు. తన ముక్కు కిందే మామగారు ఇటుకలు తెప్పిస్తున్నా హారికకు వినిపించలేదు. ఆమె అప్పటికి మూడో మనిషి కోసం వెతుకుతోంది. వంటింటి గుమ్మంలో వెంకటరావమ్మ దేవుడి పటాలకు పూలమాల గుచ్చుతూ కనిపించింది.

"మై మదర్ ఇన్ లా సెడ్ దట్ షీ వాజ్ గోయింగ్ టు కాశీ! అత్తయ్య కాశీ వెళ్తున్నానన్నారు!"

ఈ మాట పూలమాల దాకా చేరలేదు. కానీ కల్లంలో కాయలు ఏరుతున్న ఆడకూలీల దాకా చేరింది. వాళ్ళలో ఖాదర్‌బీ ఉంది. ఆమె విన్న మాట ఊరికి మైకు పెట్టి చెప్పినట్టే.

"వెంకటరావమ్మగారూ!" అంటూ ఆమె చేట పక్కన పడేసి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. "కాశీకెళ్తన్నారంట! మాకు మాటమాత్రం చెప్పలేదేం?"

వెంకటరావమ్మ చేతిలో సూది ఆగింది. "ఎవరన్నారు?"

"మీ కోడలు. ఇంగ్లీషులో అంది, తెలుగులోనూ అంది."

వెంకటరావమ్మకు కాశీ కోరిక పెళ్ళైన నాటిది. భర్తను అడిగినప్పుడల్లా "ఈ పంట కానీ" అనేవాడు. పంటలు అవుతూనే ఉన్నాయి. చివరికి ఆయనే మనసు మార్చుకుని, మొహమాటపడి కోడలి చేత చెప్పించాడన్నమాట. ఆయన ముఖ్యమైన మాటలన్నీ కోడలి చేతనే చెప్పిస్తాడు కదా! ఆమె పూలదండ కళ్ళకద్దుకుంది.

అరగంటలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరారు. గంగ నీళ్ళు తెమ్మని ఒకరు, పిల్లల మెడలోకి కాశీ తాళ్ళు తెమ్మని ఒకరు. "నాకు దణ్ణాలూ తాళ్ళూ వద్దుగానీ, అక్కడ పట్టుచీరలు చవకంట, రంగు నేనే చెప్తా" అంది ఖాదర్‌బీ. కాశీకి వెళ్ళినవాళ్ళు ఇష్టమైన కూర ఒకటి వదిలేయాలి కదా, ఏది వదులుతావని చర్చ వచ్చింది. ఒకావిడ పొట్లకాయ వదలమంది. నాకు ఇష్టం లేనిదాన్ని వదిలితే స్వామికి తెలియదా అని వెంకటరావమ్మ మెత్తగా అడిగింది. కాసేపు కళ్ళు మూసుకుని, "గోంగూర వదిలేస్తున్నా" అంది.

ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. గుంటూరు సీమలో అది మామూలు త్యాగం కాదు.

"మరి అన్నయ్యగారికి?" అంది ఒకావిడ.

"ఆయన కోసం వండనా, నోరూరుతుంటే చూస్తూ ఊరుకోనా? ఇంట్లోకే రాదింక."

ఇవేవీ తెలియని హారిక స్నానం చేసి, దీపానికి దణ్ణం పెట్టుకుని, కొత్త చుడీదారు వేసుకుని పదకొండుకు ముందే కొట్టం మూలకు చేరింది. భర్త చైతన్యకృష్ణ గుంటూరు యార్డుకు కాయలు తీసుకెళ్ళాడు. "భయపడకు" అని అక్కణ్ణుంచి మెసేజి పెట్టాడు. ఫోను మోగింది.

అటు మాట్లాడేది శ్రీరమ్య అనే మేనేజరు. గొంతు నెమ్మదిగా ఉంది, ఇంగ్లీషు తేటగా ఉంది. నిన్న ఏం చేశావు, ఇప్పుడేం చేస్తున్నావు, రేపేం చేస్తావు అని అడిగింది. హారిక మూడు కాలాలూ పొల్లుపోకుండా చెప్పింది. లోపల చిన్న ధైర్యం మొలకెత్తింది.

"గుడ్. ఇప్పుడు నేను సరుకు బాగాలేదని కోప్పడే కొనుగోలుదారులాగా మాట్లాడతాను. అది నువ్వు మీ మేనేజరుకు చెప్పాలి" అంది శ్రీరమ్య ఇంగ్లీషులోనే.

ఆమె కోప్పడబోయేంతలో ఇటుకల ట్రాక్టరు కల్లంలోకి వచ్చింది.

"ఇక్కడ దించరా అల్లాబక్షూ! నడిమధ్యన!" అని అరిచాడు అంకమ్మరావు.

"మిరక్కాయల మీదనా బాబాయ్?"

"కాయలు పక్కకి ఊడ్చి దించరా! అన్నీ నేనే చెప్పాలా?"

అదే సమయానికి అటు నుంచి నాగేంద్రబాబు భుజాన కొత్త పలుపుతో, వెనకే పసుపు కుంకుమ పళ్ళెంతో భార్య, గేదె కోసం వచ్చారు. ఇటుకలు చూసి ఆయన ఆగాడు.

"ఇదేంటి? అమ్మాయ్, అడుగు మీ మామని. గేదెనిస్తానని ఇటుకలు తెచ్చాడేంటి?"

"చెప్పమ్మా ఆ గాడిదకి! గోడ కడతానని పొద్దున కబురు పెట్టింది వాడు. వాడి చేత నేను కట్టించుకునేదేంటని నేనే కడతన్నా! గేదె ఏంటి మధ్యలో?"

"నేనా? గోడా? ఇదిగో, అడుగమ్మా ఆ పెద్దమనిషిని! గేదె ఇస్తానని తెల్లారి కబురు పెట్టి, మధ్యాహ్నానికి మాట తప్పుతాడా? అందుకా ఈ గోడ వంక?" అంటూ నాగేంద్రబాబు గేదె మెడలో కొత్త పలుపు వేశాడు.

"పలుపు తియ్యమని చెప్పు! లేకపోతే మర్యాద దక్కదని చెప్పు!"

హారిక ఒక చేత్తో ఇయర్‌ఫోను నొక్కి పట్టుకుని రెండో చెయ్యెత్తి ఆగమని సైగ చేసింది. ఇద్దరూ ఆగారు. పద్ధతి ప్రకారం ఇంతవరకూ ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఆయాసపడుతూ, పళ్ళు పటపటలాడిస్తూ, తమ గొడవ తమకు చేరడం కోసం ఇద్దరూ ఎదురు చూస్తున్నారు. గేదె మెడలో రెండు పలుపులతో హారిక చున్నీ నములుతోంది.

అప్పుడే ఆడవాళ్ళు వచ్చారు. ముందు వెంకటరావమ్మ, కళ్ళల్లో నీళ్ళు, చేతిలో కొబ్బరికాయ. "ఏమండీ, ఇన్నాళ్ళకి నా మొర విన్నారు. గోంగూర వదిలేశానండీ" అంది.

"ఏంటి?" అన్నాడు అంకమ్మరావు.

"గోంగూర. జన్మకి."

ఆయన ఇటుకల మీద కూర్చుండిపోయాడు. "ఎవరు చచ్చారే?"

"కాశీకి పంపిస్తానని నోటితో చెప్పలేక కోడలితో చెప్పించి, ఇప్పుడు ఈ అపశకునం మాటలేంటన్నయ్యగారూ?" అని ఖాదర్‌బీ మందలించింది.

ఇక హారిక వల్ల కాలేదు.  మూడో ఉద్యోగం కూడా పోయిందని ఆమెకు అర్థమైంది. "సారీ మేడమ్..." అంది.

"ఏమిటా గోల?" అంది శ్రీరమ్య, ఇంగ్లీషులోనే. "కంగారు పడకు. నా కొనుగోలుదారు సంగతి వదిలేయి. అక్కడ ఎవరెవరు ఏమంటున్నారో చెప్పు, ఒక్కొక్కరిదీ."

హారిక కళ్ళు మూసుకుంది. రోజూ చేసే పనే అనుకుంది. భాష ఒక్కటే వేరు. మొదలుపెట్టింది. మామగారి తమ్ముడు గోడ కట్టాలనుకుంటున్నట్టు మామగారికి తెలిసిందనీ, ఆయనకు శ్రమ ఎందుకని తనే ఇటుకలు తెప్పించానని మామగారు అన్నారనీ చెప్పింది. గోడ సంగతి తనకు తెలియదని చిన్న మామగారు అన్నారంది. ఈజులన్నీ వాజులవుతున్నాయి, విల్లులన్నీ వుడ్డులవుతున్నాయి. నోరు తనంతట తాను తిరుగుతోంది. "మై అంకుల్ సెడ్ దట్ మై ఫాదర్ ఇన్ లా హాడ్ సెడ్ దట్ హీ వాజ్ సెల్లింగ్ ద బఫెలో..."

అక్కడ ఆగిపోయింది. ఆ వాక్యం తనది. పొద్దున తను కల్పించింది. ఆ గోడ కూడా తనదే. ఆ కాశీ కూడా.

హారిక ఇయర్‌ఫోన్లు లాగేసింది. ఆ ఊపుకు వైరు ఫోను నుంచి ఊడింది.

"మామయ్యా, చిన్న మామయ్యా, అత్తయ్యా" అంది. "అవన్నీ నేను ఇంగ్లీషు ప్రాక్టీసు కోసం కల్పించి చెప్పుకున్నానండీ. గేదెను అమ్ముతున్నామని మామయ్య అనలేదు. గోడ కడతానని చిన్న మామయ్య అనలేదు. కాశీ అని ఎవ్వరూ అనలేదు. ఎవ్వరూ ఎవ్వరినీ ఏమీ అనలేదు."

 అల్లాబక్షు ట్రాక్టరు ఇంజను కట్టేశాడు.

నాగేంద్రబాబు చేతిలోని పలుపు చివర చూసుకున్నాడు. పొద్దున్నుంచీ ఆయన మొహంలో ఉన్న వెలుగు కాస్తా పోయింది. అన్న తనను తలుచుకున్నాడన్న సంబరంలో బజారుకు పోయి బేరమాడకుండా కొన్న పలుపు అది. గేదె మెడలోంచి దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. ముడి గట్టిగా పడింది, రావడం లేదు.

అంకమ్మరావు చూస్తున్నాడు. తమ్ముడు గోడ కడతాననలేదు. ఒక్కనాడూ అనలేదు. విన్నది కబురైనా, కల్పన అయినా, వెంటనే నమ్మేసి ఇటుకలు తెప్పించింది తాను. ఏడాది కిందట వాన మబ్బు చూసి పట్టా లాగింది కూడా తనే. అప్పుడూ ఇంతే తొందర.

"చెప్పమ్మా వాడికి" అన్నాడు. ఈసారి గొంతు లేవలేదు. "ఆ రోజు పట్టా లాక్కోవడం తప్పేనని చెప్పు. కాయలు తడుస్తున్నాయన్న భయంలో వాడివి కూడా ఉన్నాయని గుర్తు రాలేదని చెప్పు. తర్వాత గుర్తొచ్చింది. చెప్పడానికి మొహం చెల్లలేదని చెప్పు."

హారికకు ఏడుపు వచ్చేసింది. రెండడుగులు అటు వేయబోయి, ఒక్క అడుగులోనే ఆగిపోయింది.  అందరూ ఆమె వైపే చూస్తున్నారు. మాట పది అడుగుల దూరంలో ఆగిపోయి ఉంది.

నాగేంద్రబాబు ముడి విప్పుతూనే ఉన్నాడు. తలెత్తలేదు.

"విన్నాన్లే" అన్నాడు.

పలుపు ఇంకోసారి లాగి, "ఈ ముడి రాటం లేదు, పట్టు" అన్నాడు. అంకమ్మరావు ఇటుకల మీంచి లేచి వెళ్ళి గేదె మెడ పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి విప్పితే ఆ ముడి వచ్చింది. ఎంతకీ రాకపోతే బాగుండునన్నట్టు చాలా నెమ్మదిగా విప్పారు.

వెంకటరావమ్మ కొబ్బరికాయ పట్టుకుని అలాగే నిలబడి ఉంది. మనం దేవుడితో కూడా నేరుగా చెప్పకుండా పూజారిగారి చేత గోత్రనామాలు చెప్పిస్తాం, మరి మనుషులకు నేరుగా చెప్పడం ఎలా వస్తుంది అనుకుంది. ఆ తర్వాత, కాశీ ప్రయాణం లేదన్న సంగతి గుర్తొచ్చి కొబ్బరికాయ వెనక దాచుకోబోయింది.

"అనకపోతే ఏం? ఇప్పుడనొచ్చుగా!" అంది ఖాదర్‌బీ.

వెంకటరావమ్మ మొగుడి వైపు చూసింది. "నేను కాశీ వెళ్ళాలనుకుంటున్నానండీ" అంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మాట అడిగినట్టు కాకుండా చెప్పినట్టు అనడం అదే మొదటిసారి.

"చైతన్య రానీ, టికెట్లు తీయమందాం" అన్నాడు అంకమ్మరావు. కాస్త ఆగి, "గోంగూర మాత్రం అక్కడికెళ్ళాకే వదలాలి. ముందే వదిలితే చెల్లదు" అన్నాడు.

అప్పుడు ఫోనులోంచి గొంతు వినిపించింది. "హారికా, ఉన్నావా?"

అందరూ ఉలిక్కిపడ్డారు. వైరు ఊడినప్పుడు వేలు తగిలి స్పీకరు ఆన్ అయినట్టుంది, అవతలి మాట కల్లమంతటికీ వినపడుతోంది. ఇవతలి మాటలన్నీ అవతలికి పోతూనే ఉన్నాయి.

"ఇందాక మీ మామగారు చివర ఏమన్నారో చెప్పలేదు నువ్వు" అంది శ్రీరమ్య, ఇంగ్లీషులోనే.

హారిక కళ్ళు తుడుచుకుంది. "హీ సెడ్ దట్ హీ హాడ్ బీన్ రాంగ్" అంది. "అండ్ మై అంకుల్ సెడ్ దట్ హీ హాడ్ హర్డ్ ఇట్."

 ఈసారి అటు నుంచి వచ్చింది తెలుగు. "నేను పొదిలిదాన్నమ్మాయ్. మొదట్నుంచీ అన్నీ అర్థమవుతూనే ఉన్నాయి. మీ మామగారు గాడిద అన్నారు. నువ్వు మై అంకుల్ అన్నావు. మర్యాద దక్కదన్న మాట అసలు నీ ఇంగ్లీషులోకే రాలేదు. శ్రమ ఎందుకని ఇటుకలు తెప్పించానని ఆయన ఎప్పుడన్నారు?"

హారిక తల వంచుకుంది. "అనలేదండి. నాకు అలవాటైపోయిందండి. తప్పే."

"తప్పే. పరీక్షలో అయితే సున్నా వేస్తారు. మా దగ్గర ఇదే పని. అవతల కొనేవాడు తిట్టింది తిట్టినట్టు మా ఓనరుకి చెప్తే మధ్యాహ్నానికి వ్యాపారం ఉండదు. ఇంతకు ముందున్న ఇద్దరూ ఇంగ్లీషు బ్రహ్మాండంగా వచ్చినవాళ్ళే. ఉన్నది ఉన్నట్టు చెప్పి కొంప ముంచారు. సోమవారం వచ్చి చేరు."

ఖాదర్‌బీ ఆ ఆనందంలో వెంకటరావమ్మ చేతిలోంచి కొబ్బరికాయ తీసుకుని ఇటుక మీద కొట్టేసింది. "ఆ మేడమ్‌కి చెప్పమ్మా, మా కోడలు బంగారం అని" అన్నాడు నాగేంద్రబాబు. "వింటున్నానండీ" అంది ఫోను.

హారిక సోమవారం గుంటూరులో ఉద్యోగంలో చేరి, అక్కడే ఉంటోంది. ఇటుకలు అల్లాబక్షు వెనక్కి తీసుకుపోనంటే, అన్నదమ్ములు వాటితో ఇద్దరి మంచాలకూ బదులు ఒకే అరుగు కట్టించారు. దాని మీద పక్కపక్కనే కూర్చుని, ఏడాదిపాటు అనుకోని మాటలన్నీ అనుకోవడం మొదలుపెట్టారు. మధ్యలో మెత్తబరిచే మనిషి లేదు. మోటారు దగ్గర, మడి దగ్గర, ఎవరి కాయ రంగు బాగుందన్న దగ్గర తెల్లవారకముందే మొదలయ్యే కేకలు ఊరి చివరిదాకా వినపడుతున్నాయి. ఇద్దరికీ ఆకలి పెరిగింది, రంగు తేలారు.

ఆదివారం ఇంటికొచ్చిన కోడలిని వెంకటరావమ్మ వంటింట్లోకి పిలిచి, "అన్నదమ్ములు కలిశారు, సంతోషమే. కానీ ఆ మాటల్లేని ఏడాది ఎంత ప్రశాంతంగా ఉండేదే!" అంది.

మర్నాటి నుంచి ఆమె తమ చేలో పండిన పత్తి రెండు చెవుల్లోనూ పెట్టుకుని పూజకు కూర్చుంటోంది. ఆ ఏటి పత్తి పంటలో ఆ ఇల్లు సొంతానికి వాడుకున్నది అదొక్కటే.